చవితి పొద్దున 9:31

2025 ఆగస్టు 27, బుధవారం. వినాయక చవితి. బడంగ్‌పేట్‌లో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. రోడ్డు తడిగా ఉంది, ఆకాశం నిండా మబ్బు. చౌరస్తా దగ్గర పత్రి అమ్మేవాళ్లు నేల మీద పట్టాలు పరిచి మారేడు, ఉమ్మెత్త, జిల్లేడు, మాచిపత్రి కలిపి కట్టలు కడుతున్నారు. మీరు ఒక కట్ట కొని, బంకమట్టి వినాయకుణ్ణి పళ్లెంలో పట్టుకుని ఒక సందులోకి తిరుగుతారు. ఇవాళ మీరు అక్కడ ఒక ఇంటికి చుట్టం. రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్న కుర్రాడు మెట్ల మీదికి ఎదురొచ్చి పళ్లెం అందుకుంటాడు.

అతనికి పేరు పెట్టను. బడంగ్‌పేట్, నాదర్‌గుల్, అల్మాస్‌గూడ, గుర్రంగూడ కాలనీల్లో ఇలాంటి కుర్రాళ్లు వీధికొకరు కనిపిస్తారు. ఐటీఐ గానీ డిప్లొమా గానీ చేసి, మొదట బాలానగర్ షెడ్లలో చేతులు కాల్చుకుని, ఆదిబట్లలో విమానాల ఫ్యాక్టరీలు వచ్చాక ఇటు మారినవాళ్లు. ఇతను సీఎన్‌సీ సెట్టర్. అంటే మిషన్ మీద జాబ్ ఎక్కించి, టూల్ సరిచేసి, మొదటి ముక్క సరిగ్గా వచ్చేదాకా దాని దగ్గర నిలబడే మనిషి.

"పండుగ నాడు గూడ పోవాల్నా బిడ్డా?" అంటుంది తల్లి వంటింట్లోంచి. ఉండ్రాళ్లు ఆవిరి మీద ఉన్నాయి.

"సగం జాబ్ మిషన్ మీదనే ఉందమ్మా. ఇప్పుడు ఆపితే మళ్ల సెట్ చెయ్యనీకె పూట వడ్తది."

పూజ దగ్గర పిల్లల పుస్తకాలు దొంతరగా పెట్టారు, ప్రతి అట్ట మీదా పసుపుతో స్వస్తిక్. అన్నిటికీ పైన అతను తన మైక్రోమీటర్ పెట్టి, దానికీ ఒక బొట్టు పెడతాడు. కంపెనీది కాదు, సొంత డబ్బుతో కొనుక్కున్నది. కథ చదివి అక్షింతలు తల మీద వేసుకున్నాక ఆ బొట్టు తుడిచి, పెట్టెలో పెట్టి, బ్యాగులో వేసుకుంటాడు.

"అన్నా, నువ్వు గూడ రా. మా ఓనర్ ఏమనడు. తొమ్మిదిన్నరకు అక్కడ ఉండాలె నువ్వు."

తొమ్మిదిన్నరకేముందో మీకు తెలుసు. వారం రోజులుగా టీవీల్లో అదే మాట. అమెరికా తూర్పు తీరంలో గడియారం అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం కాగానే, భారతదేశం నుంచి వెళ్లే సరుకు మీద ఇప్పటికే ఉన్న 25 శాతం సుంకానికి ఇంకో 25 శాతం కలుస్తుంది. మన గడియారంలో అది ఉదయం 9:31.

బండి వెనక ఎక్కండి. నాదర్‌గుల్ రోడ్డు పట్టుకోగానే కొన్ని ఖాళీ జాగాలు, వాటిలో వెంచర్ల బోర్డులు, మధ్యలో ఇంకా మిగిలిన నాలుగు మళ్లు. కుడిఎడమల ప్రతి సందు మొదట్లోనూ మండపం, సగం కట్టిన డెకరేషన్, పైన టార్పాలిన్. నాదర్‌గుల్‌లో చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది, శిక్షణ విమానాలు వాడేది. ఈ ఊళ్ల పెద్దవాళ్లకి విమానం అంటే చాలాకాలం అదే: తల ఎత్తి చూస్తే కనిపించే చిన్న రెక్కల బండి. దాని లోపల తిరిగే ముక్కలు తమ పిల్లల చేతుల్లో తయారవుతాయని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

ఔటర్ రింగ్ రోడ్డు కిందుగా దాటితే ఆదిబట్ల, ఇబ్రహీంపట్నం మండలం. ఎత్తయిన ప్రహరీల వెనక పెద్ద షెడ్లు. టాటా వాళ్లు లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సి-130జె రవాణా విమానం తోక భాగాన్ని కట్టేది ఇక్కడే. బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్ తయారుచేసే ఫ్యాక్టరీ 2018 మార్చిలో మొదలైంది, అదీ ఇక్కడే. జీఈ కంపెనీ టాటాలతో 2017 డిసెంబరులో చేసుకున్న ఒప్పందం వల్ల లీప్ అనే జెట్ ఇంజన్ భాగాల తయారీ కూడా ఈ చుట్టుపక్కలకి వచ్చింది. 2022లో ఆ ఒప్పందాన్ని పొడిగించినప్పుడు దాని విలువ 100 కోట్ల డాలర్లు దాటుతుందని చెప్పారు. ఆ ప్రహరీలు చూసి ఊరుకోకండి. విమాన పరిశ్రమ ఎప్పుడూ పెద్ద గోడల లోపలే ఉండదు. దాని బరువు ఎక్కువగా మోసేది గోడ బయటి చిన్న షెడ్లే. మీ బండి ఆగింది అలాంటి ఒక షెడ్డు ముందే.

లోపల మొదట ముక్కుకు తగిలేది కూలెంట్ వాసన, తీపీ చేదూ కలిసిన నూనె నీళ్ల వాసన. తరువాత శబ్దం. ఆరు మిషన్లలో మూడు నడుస్తున్నాయి. మిగతా వాటిని నడిపేవాళ్లు పండగకి వెళ్లారు. సెట్టర్ అద్దాల తలుపు దగ్గరికి మిమ్మల్ని తీసుకుపోతాడు. లోపల చక్‌లో బిగించి ఒక రింగు తిరుగుతోంది, అన్నం కంచమంత వెడల్పు. నిక్కెల్ మిశ్రలోహం. దాని మీద టూల్ కొన ఆనిన చోట తెల్లటి కూలెంట్ ధార పడుతోంది.

"స్పీడ్ చూడు. స్టీలైతే దీనికి ఎన్నో రెట్లు లాగుతం. దీన్ని లాగలేం. లాగితే వేడెక్కుతది, కోసిన జాగ ఇంకా గట్టిపడ్తది. గట్టిపడ్డంక ఇన్సర్ట్ మూల ఎగిరిపోతది."

ఇంజన్ లోపలి వేడికి మెత్తబడకూడదనే ఈ లోహాన్ని తయారుచేశారు. అదే గుణం దాన్ని కోసేవాడికి శత్రువు. ఇన్సర్ట్ అనేది టూల్ కొనకు బిగించే కార్బైడ్ ముక్క, గోరంత ఉంటుంది. మామూలు స్టీలు మీద చాలాసేపు వచ్చేది దీని మీద కొద్ది నిమిషాలే వస్తుంది. తరువాత మూల తిప్పాలి, లేదా పారేయాలి. ప్రతిసారీ మళ్లీ కొలవాలి.

రింగు ఆగింది. తలుపు తెరిచి, గాలి కొట్టి, బ్యాగులోంచి తన మైక్రోమీటర్ తీస్తాడు. అనుమతించిన తేడా పది మైక్రాన్లు, మిల్లీమీటరులో నూరో వంతు. అతను చూసి తల ఊపుతాడు గానీ అది చివరి మాట కాదు. ఆ రింగు పక్క గదికి పోతుంది. ఆ గది తలుపు తోయగానే చలి తగులుతుంది, ఎందుకంటే అక్కడ రాత్రింబగళ్లూ ఇరవై డిగ్రీలే ఉంచుతారు. లోహం వేడికి సాగుతుంది కాబట్టి ప్రపంచమంతా కొలతకి అదే ఉష్ణోగ్రత. రాతి బల్ల మీద కొలత యంత్రం సన్నటి సూదితో రింగును ఒక్కో చోటా తాకి చూస్తుంది. ప్రతి తాకిడీ ఒక అంకె, ప్రతి అంకే కాగితం మీదికి ఎక్కాలి.

ఆ కాగితాలు ఒకసారి చేతిలోకి తీసుకోండి. విమాన భాగానికి లోహం ఎంత ముఖ్యమో కాగితం అంత ముఖ్యం. ఈ రింగు ఏ మిల్లులో, ఏ కొలిమి పోతలో పుట్టిందో చెప్పే హీట్ నంబర్ ఉంది. ఎవరు కోశారు, ఏ మిషన్, ఏ తేదీ, ఎవరు కొలిచారు అన్నీ ఉన్నాయి. రేపు పగుళ్లు చూడటానికి దీనికి మెరిసే రంగు ద్రవం పూసి, చీకటి గదిలో అతినీల కాంతి కింద పరీక్ష చేస్తారు. ఇరవై ఏళ్ల తరవాత ఏ దేశంలోనైనా ఒక ఇంజన్ విప్పి, లోపల ఒక ముక్క మీద అనుమానం వస్తే, ఆ నంబరు పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఈ షెడ్డు తలుపు కొట్టగలగాలి. ఇంజన్ లోపలి భాగాలు నిమిషానికి 15 వేలకు పైగా చుట్లు తిరుగుతాయి. అక్కడ ఒక్క ముక్క తప్పితే మిగతావేవీ నిలవవు. ఈ కుర్రాడు పండగ పూట వచ్చి నిలబడటానికి కారణం జీతం ఒక్కటే కాదని ఇక్కడ నిలబడితే తెలుస్తుంది.

9:20. ఓనర్ మేడ మీది గదిలోంచి పిలుస్తాడు. గోడకి వినాయకుడి క్యాలెండర్, బల్ల మీద ల్యాప్‌టాప్, చల్లారిన చాయ్. ఆయనా ఒకప్పుడు సెట్టరే. బ్యాంకు లోనుతో మొదటి మిషన్ కొన్నాడు.

"కూసోండ్రి అన్నా. ఇగో, ఇది చూడుండ్రి."

తెర మీద ఇన్వాయిస్. సరుకు పేరు పక్కన ఒక నంబరు: 8411 91. ప్రపంచంలో ఏ రేవులోనైనా టర్బోజెట్, టర్బోప్రాప్ ఇంజన్ల విడిభాగాలకి మొదటి ఆరు అంకెలు ఇవే. ఈ నంబరు కింద వెళ్లే విమాన ఇంజన్ భాగాల మీద అమెరికా మామూలుగా వేసే సుంకం సున్నా. ఈ ఏడాది ఏప్రిల్ దాకా సున్నాయే. ఏప్రిల్‌లో పది అయింది. ఆగస్టు 7న ఇరవై అయిదు. ఇంకో పది నిమిషాల్లో యాభై.

ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త నిదానంగా చెప్పాలి. 1979లో టోక్యో రౌండ్ వాణిజ్య చర్చల చివర కొన్ని దేశాలు కలిసి పౌర విమానాల వాణిజ్యం మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి. 1980 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. పౌర విమానాలు, వాటి ఇంజన్లు, ఇంజన్ల భాగాలు, శిక్షణకి వాడే సిమ్యులేటర్లు, వీటి మీద సుంకం ఉండదు. ఇప్పుడు అందులో 33 సంతకాలున్నాయి. భారతదేశం సంతకం అందులో లేదు. అయినా ఇన్నేళ్లూ మనకీ ఆ సున్నా దక్కింది. ఒక సభ్య దేశానికి ఇచ్చిన మామూలు రేటు సభ్యులందరికీ ఇవ్వాలన్నది ప్రపంచ వాణిజ్య సంస్థ మూల సూత్రం కాబట్టి.

ఆ సున్నా ఎవరి మీదా దయతో పెట్టింది కాదు. ఇంజన్ని ఏ ఒక్క దేశమూ ఒంటరిగా తయారుచేయలేదు. లీప్‌నే తీసుకోండి. అమెరికా జీఈ, ఫ్రాన్సు స్నెక్మా (ఇప్పటి సాఫ్రాన్) చెరి సగం పెట్టుకుని 1974లో మొదలుపెట్టిన సీఎఫ్‌ఎం కంపెనీ ఇంజన్ అది. సగం ఇంజన్ ఒక ఖండంలో, సగం ఇంకో ఖండంలో తయారవుతుంది. ఒకే ముక్క కొలిమి నుంచి విమానం రెక్క కిందికి చేరేలోపు మూడు నాలుగు సరిహద్దులు దాటుతుంది. ప్రతి సరిహద్దులోనూ సుంకం కట్టాల్సి వస్తే ఇంజన్ ధర లెక్కకి అందదు. ఈ ఏప్రిల్‌లో జీఈ ఏరోస్పేస్ ఈ సుంకాల వల్ల తనకి ఏడాదిలో 50 కోట్ల డాలర్ల భారం పడుతుందని చెప్పింది. ప్రాట్ అండ్ విట్నీ మాతృసంస్థ ఆర్‌టీఎక్స్ 85 కోట్ల డాలర్లని చెప్పింది. సుంకం వేసింది అమెరికా, మోస్తున్నవీ అమెరికా కంపెనీలే. జీఈ అధిపతి లారీ కల్ప్ అధ్యక్షుడి దగ్గరికే వెళ్లి పాత సున్నా తిరిగి పెట్టమని అడిగాడు.

"పెద్ద కంపెనీలు మోస్తయి అన్నా. మాకు చెప్పుండ్రి ఎట్ల మొయ్యాలె?"

ఓనర్ కాగితం మీద లెక్క గీస్తాడు. ఈ లెక్క బాగా చూడండి, ఎందుకంటే ఇది పత్రికల్లో రాదు. లోహాన్ని అక్కడి కొనుగోలుదారే పంపిస్తాడు, ఈ షెడ్డుకి వచ్చేది కోత కూలి మాత్రమే. ఉదాహరణకి ముక్క మొత్తం విలువ వంద అనుకుందాం. అందులో లోహం డెబ్భై, కూలి ముప్పై. అమెరికా కస్టమ్స్ కూలి మీద మాత్రమే సుంకం లెక్కపెట్టదు. కొనుగోలుదారు ఉచితంగా పంపిన లోహం విలువ కూడా కలిపి మొత్తం వంద మీద లెక్కపెడుతుంది. వందకి యాభై. అంటే ఇక్కడ మనిషి, మిషన్, కరెంటు, కూలెంట్, ఇన్సర్టులు, బ్యాంకు వడ్డీ అన్నీ కలిపి వచ్చే ముప్పై కన్నా అక్కడ పడే పన్ను ఎక్కువ. ఉత్తినే చేసి ఇచ్చినా ఆ గుంత పూడదు.

చట్టం ప్రకారం సుంకం కట్టేది అక్కడ సరుకు దింపుకున్నవాడు. ఇక్కడివాడు ఒక్క డాలరు కూడా అమెరికా ఖజానాకి కట్టడు. కానీ వారం కిందటే ఆ కొనుగోలుదారు నుంచి ఈమెయిల్ వచ్చింది. మర్యాదగానే రాశారు. భారాన్ని పంచుకునే మార్గం ఆలోచించమని, అప్పటిదాకా కొత్త ముక్కల పని కొంచెం ఆపుదామని. ఉన్న ఆర్డర్లు నడుస్తాయి. ఇంజన్ భాగాన్ని రాత్రికి రాత్రి ఇంకో దేశానికి మార్చలేరు, కొత్త షెడ్డుకి అనుమతి రావాలంటే మొదటి ముక్క పరీక్షలు, ఆడిట్లు కలిపి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అదే ఇప్పుడు వీళ్లకున్న ధైర్యం. అదే భయం కూడా. ఆ రెండేళ్ల పని వాళ్లు ఇంకెక్కడైనా ఇవాళే మొదలుపెడితే, అయిపోయాక తిరిగి ఇటు రారు.

ల్యాప్‌టాప్ మూలన గడియారం 9:31 చూపిస్తుంది. గదిలో ఏమీ మారలేదు. కింద మిషన్ నడుస్తూనే ఉంది. ఓనర్ ఫోన్ తీసి కస్టమ్స్ ఏజెంటుకి కాల్ చేస్తాడు. మొన్న ప్యాక్ అయిన రెండు చెక్క పెట్టెల సంగతి. ఉత్తర్వులో ఒక చిన్న వెసులుబాటు ఉంది: ఈ నిమిషానికి ముందే ఓడ ఎక్కి, సెప్టెంబరు 17 లోపు అమెరికాలో క్లియర్ అయిన సరుకు మీద అదనపు 25 పడదు. కానీ ఆ మాట ఓడల గురించి. వీళ్ల పెట్టెలు వెళ్లేది శంషాబాద్ నుంచి విమానంలో.

"అంటే నిన్న పంపినా, ఇయ్యాల పంపినా దిగినప్పటి రేటే," అని ఫోన్ బల్ల మీద పెడతాడు ఆయన.

మధ్యాహ్నం ఆ పెట్టెలు ఎక్కిన మినీ వ్యాన్‌తోనే మీరూ బయల్దేరండి. రావిర్యాల, తుక్కుగూడ దాటుకుంటూ ఔటర్ మీద శంషాబాద్ ఎంతో దూరం కాదు. విమానాశ్రయం పక్కనే జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కు. అందులో సాఫ్రాన్ ఫ్యాక్టరీ ఉంది. లీప్ ఇంజన్‌లో తిరిగే సీళ్లు అక్కడ తయారవుతాయి. ఒక దశ గాలి ఇంకో దశలోకి కారిపోకుండా ఆపే భాగాలవి. ఆ పక్కనే లీప్ ఇంజన్లు విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే షాపు సిద్ధమవుతోంది. పూర్తి స్థాయికి వస్తే ఏడాదికి 300 ఇంజన్లు.

కార్గో టెర్మినల్ ముందు వ్యాన్ ఆగినప్పుడు తల ఎత్తండి. లేస్తున్న ఇండిగో ఎయిర్‌బస్ రెక్కల కింద ఉన్నది లీప్ అయితే, ఇలాంటి షెడ్డులో ఇలాంటి కుర్రాడు కోసిన ముక్క దాని లోపల తిరుగుతూ ఉండొచ్చు. ఇక్కడ కోస్తాం, అక్కడికి పంపుతాం, అక్కడ బిగిస్తారు, విమానం కొనుక్కుని మనమే తెచ్చుకుంటాం. ఇంజన్ చెడితే మళ్లీ పరాయి దేశానికి పంపి డాలర్లు పోస్తాం. చాలాకాలం ఈ దారిలో మన ప్రభుత్వ పన్నులే ముళ్లు. ఒకే విమానంలోకి వెళ్లే విడిభాగాలకి నంబర్ని బట్టి 5, 12, 18, 28 శాతం ఐజీఎస్టీ. 2024 జూలై 15 నుంచి అన్నిటికీ ఒకటే 5 శాతం చేశారు. రిపేరు మీద జీఎస్టీని అంతకు ముందే, 2020 ఏప్రిల్‌లో, 18 నుంచి 5కి తగ్గించారు. శంషాబాద్‌లో ఆ రిపేరు షాపు లేస్తోందంటే ఈ రెండు నిర్ణయాల చలవ చాలానే ఉంది. సుంకం తీసేస్తే పని వస్తుందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

పెట్టెలు దిగాయి. బరువు చూసి, ఎక్స్‌రే తీసి, స్టిక్కర్ అంటించారు. కౌంటర్ దగ్గర ఇంకో కంపెనీ మనిషి మందుల డబ్బాలు పంపుతున్నాడు. అతని ముఖంలో కంగారు లేదు. మందులకి ఈ సుంకంలో మినహాయింపు ఉంది. సెల్‌ఫోన్లకీ ఉంది. ఒకే ఊరు, ఒకే కౌంటర్, ఒకే గమ్యం. ఒక పెట్టెకి యాభై, ఒక పెట్టెకి సున్నా. మన జెనరిక్ మందులు ఆగితే అమెరికాలో మందుల షాపులు ఖాళీ అవుతాయి. అంతకు మించిన కారణం వెతకక్కర్లేదు.

బ్రెజిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జూలై 30న ఆ దేశం మీద అమెరికా అదనంగా 40 శాతం వేసింది. ముందున్న పదితో కలిపి వాళ్లదీ యాభయ్యే. కానీ అదే ఉత్తర్వు వెనక జోడించిన జాబితాలో పౌర విమానాలు, ఇంజన్లు, వాటి భాగాలని ఆ 40 నుంచి తప్పించారు. ఎందుకంటే అమెరికాలో చిన్న ఊళ్లని కలిపే విమానాలు చాలావరకు బ్రెజిల్ ఎంబ్రేయర్ కంపెనీవి. వాటిలో తిరిగే ఇంజన్లు ఎక్కువగా జీఈవి. ఆ విమానం ఆగితే వాళ్ల ఊళ్లే ఆగుతాయి. యూరప్‌వాళ్లు ఆరు రోజుల కిందట, ఆగస్టు 21న, సంయుక్త ప్రకటనలో విమాన భాగాలకి పాత రేటే అని రాయించుకున్నారు. బ్రిటన్ జూన్‌లోనే తెచ్చుకుంది. అటు స్విట్జర్లాండ్‌ని చూడండి. 1980 ఒప్పందంలో సంతకం ఉన్న దేశమే, అయినా ఈ నెల 7 నుంచి 39 శాతం పడింది.

కాబట్టి సంతకం ఒక్కటే కాపాడుతుందని నేను అనను. సంతకం ఉంటే బల్ల దగ్గర కుర్చీ ఉంటుంది, అది మనకి కావాలి. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మన చేతిలో ఏముందన్నదే అసలు విషయం. పరాయి లోహాన్ని పరాయి డ్రాయింగ్ ప్రకారం కోసి పంపేవాడి దగ్గర నైపుణ్యం ఉంటుంది, ఓర్పు ఉంటుంది. వాడు లేకపోతే ఎదుటివాడి పని ఆగిపోయే పరిస్థితి మాత్రం ఉండదు. ఈ మే నెలాఖరులో అమెరికా చైనాకి లీప్ ఇంజన్లు ఆపింది. చైనా సొంతంగా కట్టుకున్న సి919 విమానం ఆ ఇంజన్ మీదే ఎగురుతుంది. జూలై మొదట్లో మళ్లీ వదిలారు. అంత పెద్ద దేశం విమానం కట్టింది గానీ ఇంజన్ లేక వారాల తరబడి ఎదురుచూసింది. మనదీ అదే కథ. తేజస్ యుద్ధ విమానానికి 2021లో జీఈ దగ్గర 99 ఇంజన్లు ఆర్డర్ చేస్తే, వాటిలో మొదటిది ఈ మార్చిలో అందింది.

తిరుగు ప్రయాణంలో ఇంటికి పోకుండా బాలాపూర్ మీదుగా కంచన్‌బాగ్ వైపు వెళ్దాం. బాలాపూర్‌లో అప్పటికే జనం. లడ్డూ వేలానికి ఇంకా రోజులున్నాయి గానీ గణేశుణ్ణి కూర్చోబెట్టే రోజు కూడా తక్కువ పండగ కాదు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం 2024లో 30 లక్షలు దాటింది. ఈ చుట్టుపక్కల భూమి ధర ఎలా పెరిగిందో ఆ లడ్డూ చెబుతుంది. డప్పుల మధ్య నుంచి బండి మెల్లగా నడిపించుకుంటూ బయటపడి, ఒవైసీ ఆస్పత్రి చౌరస్తా వైపు తిరగండి. అక్కడి ఫ్లైఓవర్‌కి అబ్దుల్ కలాం పేరు. కలాం ఏళ్ల తరబడి పనిచేసిన క్షిపణి ప్రయోగశాలలు ఈ గోడల వెనకే.

ఇక్కడ మిమ్మల్ని లోపలికి తీసుకుపోలేను. పొడవాటి రాతి గోడ, పైన ముళ్ల కంచె, గేటు దగ్గర జవాన్లు. బయట నిలబడే వినండి. ఈ గోడల వెనక డీఎంఆర్‌ఎల్ ఉంది, రక్షణ శాఖ లోహ పరిశోధనశాల. పక్కన మిధాని, 1973లో పెట్టిన ప్రత్యేక లోహాల కర్మాగారం. టైటానియం మిశ్రలోహాలు, నిక్కెల్ సూపర్ అల్లాయ్‌లు కరిగించి పోసే చోటు. పొద్దున ఆదిబట్ల షెడ్డులో చూసిన రింగు ఏ కుటుంబపు లోహమో, ఆ కుటుంబపు లోహాలు ఇక్కడ దశాబ్దాలుగా పుడుతున్నాయి.

2021 ఏప్రిల్‌లో డీఎంఆర్‌ఎల్ ఒక పని చేసి చూపించింది. హెలికాప్టర్ ఇంజన్ కోసం ఏకస్ఫటిక బ్లేడ్లు 60 తయారుచేసి, విమానాలు కట్టే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కి అందించింది. మొత్తం 300 చేసే కార్యక్రమంలో అవి మొదటి విడత. మామూలుగా పోత పోసిన లోహంలో సన్నటి గింజలు ఉంటాయి, గింజకీ గింజకీ మధ్య సరిహద్దులుంటాయి. తీవ్రమైన వేడిలో లోహం సాగి తెగేది ఆ సరిహద్దుల దగ్గరే. బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా పెరిగేలా, కొలిమిలోంచి అచ్చును అంగుళం అంగుళం మెల్లగా దింపుతూ చల్లబరిస్తే ఆ సరిహద్దులే ఉండవు. ఈ విద్య తెలిసిన దేశాలు చాలా కొద్ది. ఆ తరవాతి నెలలోనే టైటానియం కంప్రెసర్ డిస్కుల సంగతి బయటికి వచ్చింది. 2,000 టన్నుల ప్రెస్సు కింద, అచ్చునీ లోహాన్నీ దాదాపు ఒకే వేడిలో ఉంచి నొక్కే పద్ధతి. అలా చేసిన 200 డిస్కులు అడూర్ అనే జెట్ ఇంజన్ల కోసం బెంగళూరు వెళ్లాయి.

లోహం కరిగించేవాళ్లు కంచన్‌బాగ్‌లో. కోసేవాళ్లు ఆదిబట్లలో. ఇంజన్ విప్పి బిగించబోయేవాళ్లు శంషాబాద్‌లో. ఈ ముగ్గురి మధ్యలో బడంగ్‌పేట్, సాయంత్రానికి ముగ్గురూ నిద్రపోవడానికి వచ్చే ఊరు. కంచన్‌బాగ్ నుంచి ఆదిబట్ల ఎంతో దూరం కాదు. అయినా పొద్దున ఆ రింగు మీద ఉన్న హీట్ నంబర్ పరాయి దేశపు మిల్లుది. మిధాని పని ఎక్కువ భాగం రక్షణకి, అంతరిక్షానికి, అణుశక్తికి పోతుంది. పౌర విమాన ఇంజన్‌లోకి కొత్త మిల్లు లోహం ఎక్కాలంటే ఇంజన్ కంపెనీ ఆమోదం కావాలి. ఆ పరీక్షలకి ఏళ్లు పడతాయి, కోట్లు పడతాయి. ఆ ఖర్చు ఆరు మిషన్ల షెడ్డు పెట్టలేదు. పెట్టమని అడగకూడదు కూడా.

రాత్రి ఎనిమిదికి మీరు మళ్లీ ఆ రెండో అంతస్తులో ఉంటారు. ఉండ్రాళ్లు చల్లారాయి, పప్పు వేడిగా ఉంది. షిఫ్టు అయ్యాక రెండు గంటలు ఓటీ చేసి కుర్రాడు అప్పుడే వచ్చాడు. ముక్క పాసయింది. ఓటీ వచ్చే నెల ఉంటుందో లేదో ఓనర్ చెప్పలేదు.

"నేర్చుకున్న చేతులన్నా ఇవి, ఎట్లనన్న బతుకుతం," అంటాడు అన్నం కలుపుకుంటూ. "కానీ ఈ పని చేసుకుంటనే బతకాలని ఉంది."

ఈ మాట ఢిల్లీలో వాణిజ్య చర్చలకి వెళ్లేవాళ్లకి చేరాలి. ఆ బల్ల మీద వ్యవసాయం, చమురు, ఆయుధాలు అన్నీ ఉంటాయని తెలుసు. వాటి మధ్య ఒక చిన్న గీత మరిచిపోకండి: పౌర విమానాల ఇంజన్లకీ, వాటి భాగాలకీ రెండు వైపులా సున్నా. యూరప్ రాయించుకుంది, బ్రిటన్ రాయించుకుంది, మనమూ రాయించుకోవాలి. మే 1న అమెరికా విమానాల మీద, జెట్ ఇంజన్ల మీద వేరేగా మొదలుపెట్టిన జాతీయ భద్రతా విచారణ ఈ 2025 చవితి నాటికి ఇంకా తేలలేదు. అది తేలకముందే అడగాలి. 1980 ఒప్పందంలో చేరడం గురించి ఇన్నేళ్లు దాటవేసింది చాలు. అందులో ప్రభుత్వ కొనుగోళ్ల మీద ఉన్న షరతులు మన రక్షణ ఆఫ్‌సెట్లకి (ఆయుధాలు అమ్మిన విదేశీ కంపెనీ బదులుగా ఇక్కడ పని ఇవ్వాలన్న నిబంధనకి) అడ్డు కావు, అది పౌర విమానాల ఒప్పందం.

రాష్ట్ర ప్రభుత్వానికి, రక్షణ శాఖకి ఇంకో మాట. కంచన్‌బాగ్ లోహానికి పౌర ఇంజన్ల ఆమోదం తెచ్చే ఖర్చు మీరు భరించండి. ఆదిబట్ల షెడ్లకి ఆ లోహం అందేలా చూడండి. ఇన్సర్టుల మీద కట్టిన 18 శాతం జీఎస్టీ ఎగుమతిదారుకి నెలల తరబడి ఆపకుండా తిరిగి ఇవ్వండి. మన లోహాన్ని మన చేతులతో కోసి, ఇంకెవరూ అంత త్వరగా చేసి ఇవ్వలేని ముక్కగా పంపిన రోజున, మందుల డబ్బా పక్కన ఈ చెక్క పెట్టె కూడా సున్నా స్టిక్కర్‌తో విమానం ఎక్కుతుంది. అది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు, అందుకే ఈ ఏడాదే మొదలుపెట్టాలి.